తేదీ ఒక్కటే చెబితే చాలదు, ఏ ఫారమో కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

నేను టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్‌లో మీ పత్రిక చదవడం నాకు అలవాటు. ఈమధ్య మీ ఎన్నారై పేజీలో అమెరికా ట్యాక్స్ సీజన్ మొదలైందని ఒక చిన్న వార్త వేశారు. ఏప్రిల్ 15 లోపు రిటర్న్ వేయాలని, ఆలస్యమైతే పెనాల్టీ పడుతుందని రాశారు. అందులో తప్పేమీ లేదు. కానీ నాకు, నా స్నేహితురాలికి, మా అక్క కొడుక్కి దెబ్బ తగిలింది తేదీ దగ్గర కాదు. ముగ్గురమూ ఏప్రిల్ 15 కంటే ముందే ఫైల్ చేశాం. ముగ్గురమూ తప్పు ఫారమ్ మీద ఫైల్ చేశాం. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడవైనా వేయమని మనవి.

ముందు నా సంగతి. నేను హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చేది) మీద వచ్చాను. పని చేసుకునే అనుమతి కార్డు వచ్చాక కుట్టుపని మొదలుపెట్టాను. నల్గొండ నుంచి వచ్చిన స్నేహితురాలు ఒకామె మా వీధిలోనే ఉంటుంది. ఆమెకు మగ్గం పని నాకంటే బాగా వచ్చు. "అక్కా, ఎవరికి వాళ్లం ఎందుకు, కలిసి చేద్దాం" అంది. 2023 ఆగస్టులో ఇద్దరం కలిసి ఒక ఎల్‌ఎల్‌సీ, అంటే అప్పుల బాధ్యత సంస్థ వరకే ఉండే చిన్న కంపెనీ, పెట్టాం. రాష్ట్ర ప్రభుత్వం వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ అయింది. అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ సైట్‌లో పది నిమిషాల్లో ఈఐఎన్ అనే సంస్థ పన్ను నంబర్ కూడా వచ్చింది. ఎంతమంది సభ్యులని అడిగితే ఇద్దరని కొట్టాం. దానితోపాటు ఒక ఉత్తరం కూడా వచ్చింది, సీపీ 575 అని పైన నంబర్ ఉంటుంది. బ్యాంకు ఖాతా తెరవడానికి దాన్ని ప్రింట్ తీసి ఇచ్చాను. తర్వాత సొరుగులో పెట్టేశాను.

ఆ ఏడాది చివర లెక్క చూసుకుంటే దారాలు, పూసలు, ఫ్రేములు, మిషన్ రిపేరు అన్నీ పోను 5,400 డాలర్లు మిగిలింది. చెరి సగం 2,700. మా ఇద్దరి ఇళ్లలోనూ మగవాళ్లకు ఉద్యోగాలే, అందుకని వ్యక్తులు వేసే 1040 ఫారమ్ ఎలాగూ వేస్తాం. ఇంటినుంచి వ్యాపారం చేసేవాళ్లు దానికి షెడ్యూల్ సి అనే వ్యాపార లెక్కల కాగితం జత చేయాలని తెలిసినవాళ్లు చెప్పారు. అలాగే చేశాం. షెడ్యూల్ ఎస్‌ఈ మీద 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కూడా కట్టాం. ఒక్క పైసా దాచలేదు. 2024 మార్చిలోనే పని అయిపోయిందని హాయిగా ఉన్నాం.

సెప్టెంబర్‌లో ఐఆర్‌ఎస్ నుంచి కవరు వచ్చింది. మీ సంస్థ నుంచి 1065 ఫారమ్ అందలేదు అని. ఆ నంబర్ మేం అప్పటిదాకా విననే లేదు. అప్పుడు వెతికి, అడిగి, చదివి తెలుసుకున్నది ఇది. ఎల్‌ఎల్‌సీ అనేది రాష్ట్ర చట్టంలో మాట. ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఎల్‌ఎల్‌సీకంటూ విడిగా రిటర్న్ ఫారమ్ లేదు. ఎల్‌ఎల్‌సీలో ఒక్కరే ఉంటే, వేరేగా ఎంచుకోకపోతే, ఆ సంస్థ లేనట్టే లెక్క. యజమాని తన 1040లో షెడ్యూల్ సి జత చేస్తే సరిపోతుంది. ఇద్దరున్నారంటే అది పార్ట్‌నర్‌షిప్ అయిపోతుంది. సంస్థ పేరు మీద 1065 వేయాలి, ఒక్కొక్క భాగస్వామికి కే-1 అనే కాగితం ఇవ్వాలి, ఆ కే-1లో అంకెలు తీసుకుని ఎవరి 1040లో వాళ్లు చూపించుకోవాలి. షెడ్యూల్ సి ఊసే ఉండదు. 1065 గడువు ఏప్రిల్ 15 కాదు, మార్చి 15.

1065 మీద కట్టాల్సిన పన్నేమీ లేదు. అది సమాచారం ఇచ్చే రిటర్న్ మాత్రమే. కానీ వేయకపోతే పెనాల్టీ పన్నును బట్టి పడదు, తలకింత, నెలకింత అని పడుతుంది. ఆ ఏడాది రేటు ఒక్కో భాగస్వామికి నెలకు 235 డాలర్లు. మేం అక్టోబర్ మొదట్లో ఫైల్ చేశాం. నెలలో ఒక్క రోజు దాటినా పూర్తి నెలే కాబట్టి ఏడు నెలలు పడ్డాయి. ఇద్దరం, ఏడు నెలలు, 235. మొత్తం 3,290 డాలర్లు. ఏడాదంతా రాత్రి పదకొండింటిదాకా మెడలు వంచి కుట్టి మిగుల్చుకున్నది 5,400. ఆ కాగితం చూసి నా స్నేహితురాలు ఏడ్చేసింది. ఆ రాత్రి నాకూ నిద్రపట్టలేదు, టెన్షన్‌తో. వీసాకు ఏమైనా అవుతుందేమోనన్న భయం డబ్బు కంటే ఎక్కువగా పట్టుకుంది.

చివరికి ఆ పెనాల్టీ మాఫీ అయింది. ఇది చాలామందికి తెలియదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. అంతకుముందు మూడేళ్లు ఎలాంటి పెనాల్టీ లేకుండా ఉన్నవాళ్లకు, మొదటిసారి తప్పు జరిగితే మాఫీ ఇచ్చే పద్ధతి ఐఆర్‌ఎస్‌లో ఉంది. అది కాక, పదిమందికి మించకుండా భాగస్వాములున్న చిన్న పార్ట్‌నర్‌షిప్‌లకు 84-35 అనే నంబర్‌తో పాత రూలు ఒకటి ఉంది. అందరూ మనుషులే అయి, అంటే అందులో కంపెనీలు లేకుండా, నాన్-రెసిడెంట్లు లేకుండా, తమ వాటాను గడువులోపే సొంత రిటర్నుల్లో పూర్తిగా చూపించి ఉంటే, ఆలస్యానికి తగిన కారణం ఉందని ఒప్పుకుంటారు. మేం చెరి 2,700 చూపించి ఉండటమే మమ్మల్ని కాపాడింది. జరిగింది జరిగినట్టు ఇద్దరం సంతకాలు పెట్టి ఉత్తరం రాశాం. జవాబు రావడానికి నెలలు పట్టింది.

ఆ నెలల్లోనే ఒకరోజు సొరుగు సర్దుతుంటే ఆ సీపీ 575 ఉత్తరం బయటపడింది. నంబర్ కోసం తప్ప నేను దాన్ని చదవలేదు. మొదటి పేజీలోనే ఉంది: మీరిచ్చిన వివరాల ప్రకారం మీరు వేయాల్సిన ఫారమ్ 1065, తేదీ 03/15/2024. మాకు కావలసిన జవాబు మా ఇంట్లోనే, మొదటి రోజు నుంచే ఉంది. ఈఐఎన్ తీసుకున్న ప్రతి తెలుగువాడూ, తెలుగమ్మాయీ ఇవాళే ఆ ఉత్తరం బయటికి తీసి ఆ రెండు వరుసలు చదవాలని నా కోరిక.

ఇంకో విషయం కూడా అప్పుడే తెలిసింది. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో పెళ్లయ్యాక సంపాదించుకున్న ఆస్తి భార్యాభర్తలిద్దరిదీ అని చట్టం. ఆ రాష్ట్రాల్లో భార్యాభర్తలే సభ్యులుగా ఎల్‌ఎల్‌సీ పెట్టుకుంటే దాన్ని ఒక్కరి సంస్థలాగే చూపించుకోవచ్చు, 1065 అక్కర్లేదు. వేరే రాష్ట్రాల్లో అలా కుదరదు. అట్లాంటాలో ఉన్న చెల్లెలికి డాలస్‌లో ఉన్న అక్క చెప్పే సలహా కూడా అందుకే పనికిరాకపోవచ్చు.

ఇక మా అక్క కొడుకు. 2022 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి వచ్చాడు. 2024 మేలో చదువు అయిపోయి జులైలో ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు పని చేసుకునే అనుమతి) మీద ఉద్యోగంలో చేరాడు. 2025 మార్చిలో రూమ్మేట్లంతా కూర్చుని ఒక సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ చేశారట. అది 1040 ఒక్కటే తయారు చేస్తుంది. నువ్వు రెసిడెంటువా, నాన్-రెసిడెంటువా అని అడిగిన చోట, అమెరికాలోనే ఉంటున్నాను కదా అని వాడు రెసిడెంట్ అని కొట్టాడు. 2024 జనవరిలో కట్టిన 6,000 డాలర్ల ఫీజుకు లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనే పన్ను తగ్గింపు కింద 1,200 వచ్చింది. "పిన్నీ, రిఫండ్ భలే వచ్చింది" అని ఏప్రిల్ చివర్లో మా ఇంటికి భోజనానికి వచ్చి సంతోషంగా చెప్పాడు. నాకు ముద్ద దిగలేదు.

ఎందుకంటే ఆ శీతాకాలమే నేను మా ఊరి లైబ్రరీలో వీటా వాలంటీరుగా చేరాను. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా రిటర్నులు వేసిపెట్టే ఐఆర్‌ఎస్ కార్యక్రమం అది. పరీక్ష రాసి పాసవ్వాలి. ఆ చదువులో మొదటి పాఠమే ఇది: పన్ను చట్టంలో రెసిడెంట్ అంటే ఇక్కడ ఉంటున్నవాడని అర్థం కాదు. ఎఫ్-1 అనే చదువు వీసా మీద వచ్చిన విద్యార్థికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో ఇక్కడ ఉన్న రోజులు లెక్కలోకే రావు. డిసెంబర్‌లో ఒక్కరోజు ఉన్నా అది ఒక సంవత్సరమే. మావాడికి 2022 నుంచి 2026 దాకా ఐదేళ్లు. విద్యార్థిగా ఉన్నన్నాళ్లూ అప్పటిదాకా వాడు నాన్-రెసిడెంటే, వేయాల్సింది 1040-ఎన్‌ఆర్. దానితో, ఆ రోజులు లెక్కలోకి రావని చెప్పే 8843 అనే ఫారమ్ కూడా. ఆదాయం ఒక్క డాలర్ లేని విద్యార్థి కూడా ఆ 8843 పంపాలి, ఎఫ్-2 మీద వచ్చిన భార్య కూడా విడిగా తన పేరు మీద పంపాలి. ఆదాయం లేదు కదా అని మనవాళ్లు చాలామంది వదిలేస్తున్నారు.

1040-ఎన్‌ఆర్ వేసేవాళ్లకు మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. కానీ భారతదేశం నుంచి వచ్చిన విద్యార్థులకు ఉంది. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందంలో 21వ ఆర్టికల్ ఇచ్చిన హక్కు అది. చదువుల క్రెడిట్ మాత్రం రాదు. అందుకని మావాడు సవరణకు వాడే 1040-ఎక్స్ వేసి, దాని వెనుక సరైన 1040-ఎన్‌ఆర్ జత చేసి, 1,200 డాలర్లు వడ్డీతో తిరిగి కట్టాడు.

కానీ కథ అక్కడ ఆగలేదు. నాన్-రెసిడెంట్ అయిన ఎఫ్-1 విద్యార్థి జీతంలో సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల వైద్యం) పన్నులు కోయకూడదు. ఏడాది జీతం, కోతలు చూపిస్తూ కంపెనీ ఇచ్చే డబ్ల్యూ-2 తీసి చూస్తే, మావాడికి 38,000 జీతం మీద 7.65 శాతం, అంటే 2,907 డాలర్లు కోసేశారు. తను రెసిడెంటునని వాడే అనుకుంటున్నప్పుడు ఆ కోత తప్పని ఎలా తెలుస్తుంది? కంపెనీ పేరోల్ వాళ్లకు మెయిల్ పెడితే రెండు నెలల్లో తిరిగి ఇచ్చారు, సవరించిన డబ్ల్యూ-2సి కూడా ఇచ్చారు. కంపెనీ ఇవ్వకపోతే 843, 8316 అనే ఫారమ్‌లు వేసి ఐఆర్‌ఎస్‌నే నేరుగా అడగొచ్చు. ఎన్ని వేలమంది మన పిల్లలు ఈ డబ్బు వదిలేసుకుంటున్నారో అని నాకు బాధగా ఉంటుంది. వాళ్లలో చాలామంది వెనుక ఊళ్లో తాకట్టులో ఉన్న ఇల్లో పొలమో ఉంటుంది కదండీ.

హెచ్-1బీ వచ్చిన ఏడాది ఇంకో చిక్కు. అక్టోబర్ 1న స్టేటస్ మారితే డిసెంబర్ 31కి 92 రోజులే అవుతాయి. రెసిడెంట్ అనిపించుకోవడానికి కావలసిన 183 రోజుల లెక్కకు అది చాలదు. కాబట్టి ఐదేళ్లు దాటనివాళ్లు ఆ ఏడాదికి కూడా నాన్-రెసిడెంటే. హెచ్-1బీ వచ్చేసింది కదా అని 1040 కొట్టేస్తున్నారు.

లైబ్రరీలో శనివారాలు కూర్చుంటే మనవాళ్లు చాలామందే వస్తారు, తెలుగు మాట్లాడే మనిషి ఉందని తెలిసి. మొన్న ఒక పెద్దాయన భార్యతో వచ్చారు. కొడుకు పిలిపించుకున్నాడు, గ్రీన్ కార్డు ఉంది. తూర్పుగోదావరిలో నాలుగెకరాలు కౌలుకిచ్చారు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. "ఇండియాలో వ్యవసాయం మీద పన్ను లేదు కదమ్మా, ఇక్కడ ఎందుకు చూపించాలి?" అన్నారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ చూపించాలి. అక్కడ మినహాయింపు ఉండటం ఇక్కడ లెక్కలోకి రాదు. వాళ్లకు 1040-ఎస్ఆర్ వేస్తారు. 65 నిండినవాళ్ల కోసం పెద్ద అక్షరాలతో చేసిన 1040యే అది. కౌలు షెడ్యూల్ ఇ మీద, డిపాజిట్ల వడ్డీ షెడ్యూల్ బి మీద. పొలాన్ని ఆస్తిగా ఎక్కడా చూపించక్కర్లేదు. కానీ ఇండియా బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే, 2026 మొదట్లోని రేటులో సుమారు 9 లక్షల రూపాయలు, ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక వేయాలి. అది ఐఆర్‌ఎస్ రిటర్న్‌తో పోదు. ఫిన్‌సెన్ అనే వేరే సంస్థకు ఆన్‌లైన్‌లో విడిగా పంపాలి. రిటర్న్ వేసేశాం కదా అని అందరూ మర్చిపోయేది అక్కడే. డబ్బు ఇంకా పెద్ద మొత్తం అయితే 8938 అనే ఫారమ్ కూడా ఉంది. ఆయన అంతా విని, "ఎవరూ చెప్పలేదమ్మా" అన్నారు. నేనూ ఒకప్పుడు అదే మాట అన్నాను.

ఇంట్లో సంగీతం చెప్పేవాళ్లు, పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు, పిల్లల్ని చూసుకునేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట, "1099 ఏదీ రాలేదండీ, అందుకని చూపించలేదు" అని. 1099 అంటే ఎంత డబ్బు ఇచ్చారో తెలుపుతూ ఇచ్చినవాళ్లు పంపే కాగితం. జెల్ అనే డబ్బు పంపే యాప్ 1099 ఇవ్వదు. నగదు ఇచ్చే ఇళ్లవాళ్లూ మామూలుగా ఇవ్వరు. కాగితం రాకపోయినా ఆదాయం ఆదాయమే. సొంత పనిమీద ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు మిగిలినా చాలు, షెడ్యూల్ సి, షెడ్యూల్ ఎస్‌ఈ వేయాలి. స్టాండర్డ్ డిడక్షన్ కంటే తక్కువే కదా అన్న మాట ఇక్కడ చెల్లదు. మరోవైపు, వేస్తే లాభం కూడా ఉంది. కుట్టుపనికే కేటాయించిన గది 120 చదరపు అడుగులు అనుకోండి. అడుగుకు 5 డాలర్ల లెక్కన 600 డాలర్లు ఖర్చు కింద రాసుకోవచ్చు. ఆ గదిలో అతిథులు పడుకోకూడదు, పిల్లలు ఆడుకోకూడదు. అది పని గదే అయి ఉండాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి మీ పత్రిక చదివేవాళ్లకు కూడా ఒక మాట. ఇంట్లో కూర్చుని అమెరికా కంపెనీ పెట్టండి అని వీడియోల్లో ప్రకటనలు వస్తున్నాయి. విజయవాడలో మా బంధువుల అబ్బాయి అలాగే వయోమింగ్‌లో ఎల్‌ఎల్‌సీ తీసుకున్నాడు. ఒక్క డాలర్ అమ్మకం లేదు, కాబట్టి ఏమీ వేయక్కర్లేదు అనుకున్నాడు. పెట్టించినవాళ్లూ అలాగే చెప్పారట. విదేశీయుడు ఒక్కడే యజమానిగా ఉన్న ఎల్‌ఎల్‌సీ, అతను తన సొంత డబ్బు అందులో వేసినా సరే, కంపెనీల రిటర్న్ 1120 మొదటి పేజీకి, యజమానికీ సంస్థకూ మధ్య లావాదేవీలు చూపే 5472 జతచేసి పంపాలి. పంపకపోతే పెనాల్టీ 25,000 డాలర్లు. నూరు డాలర్ల ఫీజుతో మొదలయ్యే దాని వెనుక ఇంత ఉందని అమ్మేటప్పుడు చెప్పాలి కదా. అమెరికా కార్పొరేట్ ఫారమ్‌ల గురించి తెలిసిన సీఏను కలవకుండా దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

మా నాన్న స్కూల్ టీచరు. ఆయన ఏటా వేసేది ఐటీఆర్-1. సహజ్ అని పేరుంటుంది. చిన్న వ్యాపారం ఉన్న మా మామయ్యది ఐటీఆర్-4, సుగమ్. అక్కడ జీతగాడికి ఒకటి, వ్యాపారికి ఒకటి అని ఫారమే మారిపోతుంది. ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చి, ఉద్యోగమైతే 1040, అంతే అనుకుంటాం. ఇక్కడ ముందు చూడాల్సింది ఎంత సంపాదించామని కాదు. చట్టం దృష్టిలో మనం రెసిడెంటా కాదా, పని ఒక్కరిదా ఇద్దరిదా, ఆ సంస్థను ఎలా రిజిస్టర్ చేశాం అన్నవి. లాభాన్ని వాటాదారుల రిటర్నుల్లోనే చూపించే ఎస్ కార్పొరేషన్ పద్ధతి ఎంచుకుంటే పన్ను తగ్గుతుందని కొందరు దానికి కావలసిన 2553 ఫారమ్ వేసేస్తున్నారు. అందులో నాన్-రెసిడెంట్ ఒక్కరు వాటాదారుగా ఉన్నా ఆ ఎంపిక చెల్లదు. ఇలాంటివి పక్కింటివాళ్లు ఏం వేశారో చూసి వేస్తే తేలేవి కావు. మేం చేసిన తప్పు అదే.

సంపాదకులవారిని నేను కోరేది ఒకటుంది. ప్రతి జనవరి నుంచి ఏప్రిల్ దాకా వారానికొకసారి మీ ఎన్నారై పేజీలో సగం కాలమ్ దీనికి ఇవ్వండి. ఒక వారం విద్యార్థులకు, ఒక వారం ఇంటినుంచి పనిచేసే ఆడవాళ్లకు, ఒక వారం తల్లిదండ్రులకు. మన సీఏ లాంటి ఇక్కడి సీపీఏలో, ఐఆర్‌ఎస్ గుర్తింపు ఉన్న ఎన్‌రోల్డ్ ఏజెంట్లో రాస్తే మంచిది. ప్రకటనలా కాకుండా, ఫారమ్ నంబర్లతో, తేదీలతో, మన మాటల్లో రాయించండి. డబ్బు తీసుకుని రిటర్న్ వేసేవాళ్లు ఐఆర్‌ఎస్ ఇచ్చిన తమ పీటీఐఎన్ నంబర్ రాసి సంతకం పెట్టాలని కూడా అందులో చెప్పండి. పెట్టనివాళ్ల దగ్గరికి వెళ్లొద్దని చెప్పండి.

ఇక్కడి తెలుగు సంఘాలవారికీ ఒక విన్నపం. 1040కి షెడ్యూల్ ఎల్‌ఈపీ అని ఒక కాగితం ఉంటుంది. ఐఆర్‌ఎస్ నాకు రాసే ఉత్తరాలు ఫలానా భాషలో కావాలి అని అందులో అడగొచ్చు. ఆ పట్టికలో గుజరాతీ ఉంది, పంజాబీ ఉంది, ఉర్దూ, బెంగాలీ ఉన్నాయి. తెలుగు లేదు. ఆ సెప్టెంబర్‌లో వచ్చిన కవరు తెలుగులో ఉండి ఉంటే, నా స్నేహితురాలికి అందులో ఏముందో తెలియడానికి మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా వణుకుతూ కూర్చోవాల్సి వచ్చేది కాదు. సంఘాలన్నీ కలిసి తెలుగును చేర్చమని ఐఆర్‌ఎస్‌కు రాయాలి. సంతకాలు సేకరించే పని ఫ్రిస్కోలో నేను చూసుకుంటాను.

కాలమ్ వేస్తానంటే, మొదటి భాగం ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే ఎల్‌ఎల్‌సీల గురించి వేయండి. 2026లో మార్చి 15 ఆదివారం కాబట్టి 1065కు గడువు 16 సోమవారం దాకా. అప్పటికి లెక్కలు తేలకపోతే అదే రోజులోపు గడువు పెంచమని అడిగే 7004 ఫారమ్ వేస్తే సెప్టెంబర్ 15 దాకా సమయం ఇస్తారు. అంతకుముందు వారమైనా ఇది అచ్చులో వస్తే, సొరుగులో ఆ ఉత్తరం పెట్టుకున్నవాళ్లు తీసి చూసుకోవడానికి వ్యవధి ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఫ్రిస్కో, టెక్సాస్